హోరులో నిద్రపోయినవాళ్ళు

మా వదినకి నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. ఈ సంగతి నా పెళ్ళి మర్నాడే బయటపడింది. పట్నంలో మా పుట్టింట్లో ఆవిడకి మేడ మీద గది ఇచ్చాం, కొత్త పరుపు వేశాం, కిటికీలకి తెరలు కట్టాం. తెల్లవారాక మా అమ్మ టీ పట్టుకెళ్ళి చూస్తే పరుపు మీద మనిషి లేదు. ఇల్లంతా వెతికితే వంటింట్లో దొరికింది. ఫ్రిజ్‌కి వీపు ఆనించి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. మా అమ్మ నన్ను పక్కకి లాగింది. "ఆడపడుచుకి పక్క సరిగ్గా వెయ్యలేదని జన్మంతా దెప్పుతారే నిన్ను" అని నా జబ్బ గిల్లింది. వదిన కళ్ళు తెరిచి, "పక్క చాలా బాగుందండీ. మీ ఇల్లే మరీ నిశ్శబ్దంగా ఉంది" అంది. ఇంట్లో గోల ఎక్కువైందని మూతి ముడిచేవాళ్ళని చూశాను గానీ, గోల చాలలేదనే ఆడపడుచుని నేనెక్కడా వినలేదు. ఈవిడతో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

కాలనీకి కాపురానికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. మా వీధి చివర, బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రం ఉంది. రెండు పొగగొట్టాలు, వాటి పక్కన ఆవిరి వదిలే రెండు లావుపాటి టవర్లు. లోపల యూనిట్లనే రెండు కరెంటు యంత్రాలు తిరుగుతుంటే వచ్చే హోరు కాలనీ అంతా నిండి ఉండేది. దాన్ని చప్పుడు అనడానికి నాకు మనసొప్పదు. చప్పుడైతే మొదలవుతుంది, ఆగుతుంది. ఇది ఎప్పుడూ ఉండేది. అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ సన్నగా మాట్లాడుకునేవి. గోడకి చెయ్యి ఆనిస్తే గోడకి ప్రాణం ఉన్నట్టు తెలిసేది. చలికాలం పొద్దున ఆవిరి వీధిలోకి దిగితే క్వార్టర్ల పచ్చ తలుపులన్నీ మాయమైపోయేవి. మనుషులు నడుం పైన కనపడకుండా, కాళ్ళు మాత్రం డ్యూటీకి వెళ్ళేవి.

మొదటి నెలంతా నాకు కంటి మీద కునుకు లేదు. తర్వాత ఎప్పుడు అలవాటైందో తెలియదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. మా కాలనీ నిద్రకి మాత్రం హోరు కావాలి. పసిపిల్లలకి జోల పాడే పని కూడా లేదు, గోడ పక్కన పడుకోబెడితే చాలు. ఒక్కటే తేడా కనిపెట్టాను. పుట్టింట్లో రోజూ ఏవేవో పిచ్చికలలు వచ్చేవి, ఇక్కడికి వచ్చాక ఒక్కటీ రాలేదు. మా ఆయనతో అంటే, "కలలంటే సినిమాల్లో వస్తాయే, అవా?" అన్నాడు. బొగ్గు యార్డులో బుల్డోజర్ నడిపే మనిషి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క కల కూడా కనలేదట. జాలేసింది నాకు. నన్ను కూడా కలలో చూడకుండానే కట్టుకున్నాడన్నమాట.

మా అత్తవారి జనం ఈ నేలకి మొదటి మనుషులు. పట్నం లేదు, రోడ్డు లేదు, అప్పటినుంచీ నది వంపు తిరిగే చోట వాళ్ళ ఇళ్ళుండేవి. కరెంటు కేంద్రానికి నీళ్ళు కావాలి, బూడిద పోసుకోవడానికి పల్లం కావాలి. ఆ రెండూ ఆ వంపులోనే ఉన్నాయి. అందరినీ లేపి ఈ పచ్చ తలుపుల క్వార్టర్లలోకి తెచ్చారు, మగవాళ్ళకి బొగ్గు యార్డులో పనులిచ్చారు, నదిని పక్కకి తిప్పారు. ఆ ఇళ్ళున్న చోట ఇప్పుడు బూడిద చెరువు. గట్టెక్కి చూస్తే ఆకాశం, చెరువు ఒకే రంగు. ఎక్కడ ఒకటి అయిపోయి రెండోది మొదలవుతుందో తెలియదు.

ఆ వంపులో ఇళ్ళున్నప్పటి మనుషులెవరూ ఇప్పుడు లేరు. అప్పటికి కొత్తగా పెళ్ళయిన మనిషి ఒక్కరే మిగిలారు, మా పెద్దత్త. మా అత్తగారికి అక్క. అత్తగారు తొందరగా పోతే, వదిననీ మా ఆయననీ సాకి పెద్దచేసింది ఈవిడే. కాలనీలో ఆడింది ఆట, పాడింది పాట. ఎవరింట్లో పిల్ల పుట్టినా, ఎవరి కాలు విరిగినా ముందు ఆవిడకి చెప్పాలి. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ నోరు కట్టేసుకుంది. నది వంపు గురించి ఎవరు అడిగినా పలకదు. పూర్వం టేప్ రికార్డర్లు పట్టుకుని చాలామంది వచ్చారట. "మా మాటలు మూటగట్టి పట్టుకెళ్ళారు. ఒక్కడన్నా తిరిగొచ్చి, ఇదిగో అమ్మా మీ మూట అన్నాడా?" అని ఒకసారి నాతో అంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక మా వదిన. వాళ్ళ జనంలో కంట్రోల్ రూమ్ మెట్లెక్కిన మొదటి మనిషి. బొగ్గు యార్డులో క్లీనరుగా చేరి, డ్యూటీ దిగాక చదువుకుని, పీజీ దాకా ఒక్కో పరీక్షా గట్టెక్కి, యూనిట్‌ని నడిపే కుర్చీలో కూర్చుంది. పెళ్ళెందుకు చేసుకోలేదంటే, "షిఫ్టులు కుదరలేదు" అంటుంది. ఆ షిఫ్టు ఎవరితో కుదరలేదో ఇప్పటిదాకా రాబట్టలేకపోయాను. ఓసారి నన్ను లోపలికి తీసుకెళ్ళి చూపించింది. గోడ నిండా దీపాలు, ముళ్ళు అటూ ఇటూ ఊగే గడియారాల్లాంటివి, తెరల మీద గీతలు. అందరూ గుడిలో ఉన్నట్టు మెల్లగా మాట్లాడుకుంటారు. కింద బాయిలర్ దగ్గరున్నవాడు వాకీటాకీలో ఏదన్నా చెబితే, పైన ఉన్నవాళ్ళు ఆ మాటని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అవతలివాడు "సరే" అన్నాకే చెయ్యి కదపాలి. అంతవరకూ ఎంత అర్జెంటైనా ఆగాల్సిందే.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. "వదినా, కాస్త ఉప్పందుకో" అంటే, "ఉప్పందుకో" అని నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటుంది. నేను "సరే" అంటే ఉప్పు కదులుతుంది. లేకపోతే కూర చప్పగా తినాల్సిందే. మొదట్లో వెక్కిరిస్తోందనుకుని రెండుసార్లు పోట్లాడాను కూడా. ఆవిడ నా పోట్లాటని కూడా పొల్లుపోకుండా తిరిగి చెప్పి, సరే అనమని కూర్చుంది. ఆవిడ నోటి నుంచి నా మాటలు వింటే నాకే సిగ్గేసింది.

తర్వాత బొగ్గు కరెంటుకి కాలం చెల్లిందన్నారు. ఎండతో, గాలితో కరెంటు తీస్తారట, ఈ కేంద్రం మూసేస్తారట. ముందు ఒక యూనిట్ ఆపారు. హోరు సగమైపోయింది. మర్నాడు కాలనీ మొత్తం ఎర్రటి కళ్ళతో లేచింది. ఆ వారమంతా జనం ఎక్కడపడితే అక్కడ పగలే తూలారు. బస్టాపు బల్ల మీద, రేషన్ క్యూలో, మంగలి కుర్చీలో. మా ఆయన భోజనం పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే గుర్రుపెట్టాడు. కుంభకర్ణుడి చుట్టంలాంటి మనిషికి కూడా నిద్ర చాలడం లేదంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

అటుపైన కలలు మొదలయ్యాయి.

మొదట చెప్పింది గేటు దగ్గర కాపలా ఉండే మామ. పొద్దున వీధి కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా నిలబడిపోయాడు. "నీళ్ళలో నడుస్తున్నానమ్మాయ్. మోకాలి లోతు. కాళ్ళ కింద గుండ్రటి రాళ్ళు. ఎదురుగా పెద్ద బండ. ఏనుగంత ఉంది. నేనెప్పుడూ అలాంటి చోటికి వెళ్ళలేదే" అన్నాడు. మర్నాడు నర్సుగా పనిచేసే పక్కింటావిడకి అదే బండ వచ్చింది. దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయట. ఆ తర్వాత ఒకరికి బండ నుంచి ఇళ్ళవైపు వెళ్ళే దారి వచ్చింది, ఒకరికి దారి పక్క రేగుకంప. వీళ్ళంతా క్వార్టర్లలో పుట్టినవాళ్ళే. ఒక్కరూ ఆ నది వంపుని కళ్ళతో చూడలేదు. మొదట నవ్వాను. కుళాయి దగ్గర కబుర్లకి ఇదో కొత్త సరుకు అనుకున్నాను. పోనుపోను నవ్వు రావడం మానేసింది. పొద్దున్నే ఆవిరి పలచగా దిగుతుంటే, బిందెలు పట్టుకుని నిలబడి ఎవరి కల వాళ్ళు చెబుతుంటే, ఆ మాటల మధ్యలో ఒక ఊరు మెల్లగా తేలుతున్నట్టుండేది.

అందరూ కల తీసుకుని పెద్దత్త దగ్గరికే వెళ్ళేవాళ్ళు. "అవునా పెద్దమ్మా? బండ మీద బట్టలు ఆరేసేవాళ్ళా?" ఆవిడ గుమ్మంలో కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఊఁ" అనేది. అంతే. ఆ ఒక్క ఊఁతో వాళ్ళు పొంగిపోయేవాళ్ళు. ఒకరోజు కాపలా మామ నీళ్ళు బండకి ఎడమవైపు పారాయన్నాడు, నర్సమ్మ కుడివైపు అంది. ఆవిడ ఇద్దరికీ ఊఁ కొట్టింది. నాకు నోరూరుకోదు కదా. "అదెలా పెద్దత్తా, రెండువైపులా ఒకేసారి పారుతుందా?" అన్నాను. నా వైపు చూసి, "నీ కుట్టు మిషను దారం తెగినట్టుంది, చూసుకో" అంది. ఆ పూట నేనింకా మిషనే మొదలెట్టలేదు.

నాకూ ఓ కల వచ్చింది. నది ఒడ్డున ఎవరో తడి చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. అది నా కల కాదని కలలోనే తెలుస్తోంది. ఎవరిదో పొరపాటున నా దిండు కిందకి వచ్చింది. వదినతో చెబితే ఆవిడ అంతా వెనక్కి చెప్పి, నేను సరే అన్నాక, "నువ్వు పట్నంపిల్లవి. విన్నదాన్నే కలగన్నావు" అని కొట్టిపారేసింది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు కూడా నన్ను అంత పరాయిదాన్ని చెయ్యలేదు ఎవరూ. రెండు రోజులు మాట్లాడలేదు నేను. కల ఎవరిదైనా ఆ తడి చెయ్యి పట్టుకున్నది నన్నేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ రోజుల్లోనే మా ఆయన భోజనాల దగ్గర ఫోనులో ఏదో చూసి చదివాడు. విశ్వవిద్యాలయంలో కొత్తగా పిహెచ్.డి. సీట్లు. మూలవాసులకి మాత్రమే. బొగ్గు పోయి ఎండ కరెంటు వస్తున్న ఈ మార్పు మీద, ఆ మార్పు దెబ్బ తగిలిన మనుషులే పరిశోధన చెయ్యాలట. ఫీజు లేదు, చదివినన్నాళ్ళూ నెలనెలా జీతంలా ఇస్తారు. "అక్కా, ఇది నీకోసమే వేసినట్టుంది" అన్నాడు నవ్వుతూ. వదిన నవ్వలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఇంకోసారి చదువు" అంది. ఇంకోసారి చదివాడు. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. మేమిద్దరం ఒకేసారి "సరే" అన్నాం.

ఆ సీటు ఆవిడకి ఎంత కావాలో నాకు ఆ వారంలోనే తెలిసింది. కేంద్రం మూసేస్తే అందరికీ సోలార్ పలకల పని నేర్పిస్తామన్నారు, వదినకీ చెప్పారు. అన్నం కోసమైతే ఆ పని చాలు. ఆవిడకి కావలసింది ఇంకోటి. "కరెంటు గురించి అందరూ రాస్తారు మరదలా. ఎన్ని యూనిట్లు, ఎంత పొగ తగ్గింది. మా నిద్ర గురించి ఎవరు రాస్తారు? హోరొచ్చి మా కలలు తినేసిందని, హోరు పోతే అవి తిరిగొస్తున్నాయని? రేపు ఇలాంటి కేంద్రాలు ఇంకా మూస్తారు. అక్కడి జనం కూడా తెల్లారేసరికి ఇలాగే లేస్తారు. పిచ్చెక్కిందేమో అనుకుంటారు. ముందే ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండునని నాకనిపించింది" అంది. అంత పొడుగు మాట ఆవిడ నోటి వెంట నేను అంతకుముందు వినలేదు.

ఇంటర్వ్యూకి నేనే కోటు కుట్టాను, నేనే వెంట వెళ్ళాను. గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది కాబట్టి నా తప్పేం లేదు. లోపల ముగ్గురు. మధ్యలో మెడకి గొలుసుతో కళ్ళజోడు వేలాడేసుకున్న పెద్దావిడ. ఆవిడ నెమ్మదిగా అడిగింది. "మీరు ఏ విషయం మీద పని చెయ్యాలనుకుంటున్నారు?"

మా వదిన అంది. "మీరు ఏ విషయం మీద పని చెయ్యాలనుకుంటున్నారు."

వదిన నిటారుగా కూర్చుని ఆవిడ ముఖంలోకి చూస్తోంది. ఆవిడ వదిన ముఖంలోకి చూస్తోంది. పక్కాయన పెన్ను తిప్పడం మానేశాడు. గోడమీద ఫ్యాను తిరుగుతోంది. కిటికీలో చెట్టు ఊగుతోంది. సరే అనండమ్మా, సరే అనండి, లేకపోతే ఈ మనిషి రేపటిదాకా ఇలాగే కూర్చుంటుందని బయట నేను చేతులు నలుపుకుంటున్నాను. చివరికి ఆవిడ, "చెప్పండి" అంది. "చెప్పండి" అంది మా వదిన.

లేచి లోపలికి దూరిపోదామనుకున్నాను. ఈలోగా వదినకే తట్టింది. చెవుల దాకా ఎర్రబడిపోయింది. "క్షమించండి. ఇది మా పని అలవాటు. అవతలివాళ్ళు సరే అంటేగానీ మేం చెయ్యి కదపం. కదిపితే సగం పట్నం చీకటైపోతుంది" అంది. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, "సరే" అంది. ఇక గంగ పొంగినట్టు మా వదిన చెప్పుకుపోయింది. హోరు, గోడలు, కుళాయి, బండ, అన్నీ. ఆ తర్వాత వాళ్ళు ప్రతి ప్రశ్నా అడగడం, ఆవిడ తిరిగి చెప్పడం, వాళ్ళు ముగ్గురూ కలిసి సరే అనడం. ఆఖరికి పక్కాయన కిటికీ వేసెయ్యమని బంట్రోతుకి చెప్పి, అతను ఊరికే వేసేస్తే, "తిరిగి చెప్పలేదేం?" అన్నాడు.

సీటు ఇచ్చేశారు. ఇచ్చి, ఒక ముడి వేశారు. పెద్దావిడ మెత్తగానే చెప్పింది. "ఈ కలలు మీ ఒక్కరివీ కావు కదమ్మా. మీ జనంలో పెద్దవాళ్ళు ఒకరు ఒప్పుకున్నామని వాళ్ళ నోటితో మాకు చెప్పాలి. కాగితం వద్దు. ఫోనులో చెప్పినా చాలు. తరగతులు మొదలయ్యేలోగా చెప్పకపోతే సీటు తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది." న్యాయమైన మాటే. కాకపోతే మా జనంలో పెద్ద అంటే ఎవరో మాకు తెలుసు.

ఆ సాయంత్రం వదిన పెద్దత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పింది. పెద్దత్త చివరిదాకా వింది. "వద్దు" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఇల్లు తీసుకున్నారు. నది తీసుకున్నారు. మాటలు తీసుకున్నారు. ఇప్పుడు నిద్రలో వచ్చింది కూడా పట్టుకుపోతారా?"

"పట్టుకుపోయేది నేనే కదా. నేనెక్కడికి పోతాను?"

"నువ్వయినా సరే. వద్దన్నాను" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆవిడ. మా ఆయన బతిమాలాడు. కాపలా మామ వచ్చి, "నా కల నేనిస్తాను, నీదేం పోయింది?" అన్నాడు. ఆవిడ గోడవైపు నుంచి తిరగలేదు. నేను మాత్రం మిషను ముందు కూర్చుని వినపడేలా సణిగాను. పెంచిన పిల్ల నోటికాడ కూడు తీసెయ్యడం ఎక్కడి పెద్దరికం అన్నాను. పెద్దత్త రోజంతా నా మిషను పక్కనే కూర్చునేది. యూనిట్ ఆగినప్పటినుంచీ ఆవిడకి అక్కడే కాస్త ఊరట, మిషను మోటారు హోరుకి. అయినా నిద్ర లేదు. కళ్ళ కింద నల్లగా దిగిపోయింది. అందరికీ కలలొస్తుంటే, ఆవిడకి కన్నే మూతపడటం లేదు.

విచిత్రం ఏమిటంటే వదిన ఇంకోసారి అడగలేదు. తరగతులు దగ్గరపడుతున్నాయి. నేను ఉండబట్టలేక, "నువ్వేం మనిషివి వదినా? నోట్లో నాలుక లేదా? కాళ్ళు పట్టుకో, ఏడు, అలుగు" అన్నాను. ఆవిడ స్నానం చేసి తల ఆరబెట్టుకుంటోంది. "అడిగాను. ఆవిడ విన్నది. కాదంది. వినపడలేదనుకుని మళ్ళీ అడిగితే అది అడగడం కాదు మరదలా, తీసుకోవడం" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. తల తుడుచుకునే తువ్వాలుతోనే అవీ తుడుచుకుంది. ఆ నిమిషంలో పెద్దత్త మీద నాకు వచ్చినంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు.

రెండో యూనిట్ ఆపే రోజు వచ్చింది. వదిన డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం నేను మిషను మీద దిండు గలీబులు కుడుతున్నాను. పెద్దత్త పక్కనే, గుడ్డముక్కల కుప్పకి ఆనుకుని కూర్చుంది. ముందు అల్మారాలో గ్లాసులు ఊరుకున్నాయి. తర్వాత గోడ ఊరుకుంది. ఆ తర్వాత, నేను ఇన్నేళ్ళూ ఆ వీధిలో ఎప్పుడూ విననివి వినపడ్డాయి. ఎవరింట్లోనో చెంచా కింద పడింది. దూరంగా సైకిలు చైను. నా మిషను ఒక్కటే సిగ్గులేకుండా మోగుతోంది.

"అదీ ఆపవే" అంది పెద్దత్త.

ఆపాను. ఆవిడ గాలి పీల్చుకుంది, వదిలింది. అలాగే గుడ్డల మీదకి ఒరిగి నిద్రపోయింది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, భయమేసి. నిజంగా నిద్రే.

పెద్దమ్మ పడుకుందన్న మాట గాలికంటే ముందు పాకింది. కాపలా మామ వచ్చాడు, నర్సమ్మ వచ్చింది, చెప్పులు బయట విడిచి ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో, కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ వంపులో నిజంగా బతికిన మనిషి కళ్ళు మూసుకుంది. ముక్కలు ముక్కలుగా వచ్చిందంతా ఆవిడకి మొత్తంగా వస్తుందని అందరి ఆశ. నాకూ ఉంది, దాచడం ఎందుకు? కిటికీలోంచి ఎండ ఆవిడ చెంప మీదుగా జరుగుతూ రంగుగుడ్డల మీదకి వెళ్ళింది. వదిన హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి, ఏమీ అడగకుండా నా పక్కన నేల మీద కూర్చుంది. యూనిట్ ఆపి వచ్చిన ఆ చేతుల్ని నేను పట్టుకున్నాను.

సాయంత్రం ఎండ వాలాక పెద్దత్త లేచింది. ముఖం తేటగా ఉంది. ఇంతమందిని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఏం వచ్చింది పెద్దమ్మా?" అన్నాడు కాపలా మామ.

"ఏమీ రాలేదు" అంది ఆవిడ. "నిద్ర పట్టింది. అంతే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో..."

"గుర్తు తెచ్చుకోవడానికి ఏముందిరా? నాకేమీ గుర్తులేదు." ఆవిడ మోచేతుల మీద లేచి కూర్చుంది. "మీరొచ్చి అవునా అవునా అంటే ఊఁ అన్నాను. కాదని ఎలా అనను? నాకు తెలిస్తే కదా. నది ఎటు పారేదో తెలీదు. పెళ్ళయి వెళ్ళిన ఇంటి గుమ్మం ఎటుండేదో తెలీదు. ఆయన ముఖం కూడా ఇక్కడిదే గుర్తుంది, అక్కడిది లేదు. హోరు తినేసిందో, ఏడవలేక నేనే వదిలేసుకున్నానో. పెద్దదాన్నంటారు, నా దగ్గరే లేదు. ఇదొచ్చి రాస్తానంటే, నలుగురూ చదివి ముసల్దానికేమీ తెలీదంటారని..."

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ నేను సణిగిందంతా తిరిగొచ్చి నాకే తగిలింది. వదిన మోకాళ్ళ మీద జరిగి ఆవిడ ముందుకి వెళ్ళింది. పరవాలేదు పెద్దమ్మా అంటుందనుకున్నాను. అనలేదు.

"ముసల్ది మర్చిపోయిందని కూడా రాస్తావా?" అంది పెద్దత్త.

"రాస్తాను."

"చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల్లోనా?"

"మొదట్లో. కలలొచ్చినవాళ్ళందరి కంటే ముందు. పోవడమంటే ఏమిటో నీకే కదా తెలుసు. వాళ్ళకి రావడమే తెలుసు."

పెద్దత్త ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ కళ్ళజోడు ఆవిడకి ఫోన్ కలుపు. నేనే మాట్లాడతాను."

వదిన కలిపి ఇచ్చింది. పెద్దత్త ఫోనుని రెండు చేతులతో పట్టుకుని, అవతలివాళ్ళు దూరంగా ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్పాలన్నట్టు, వీధి చివరిదాకా వినపడేలా అంది. "అమ్మా, నేను వీళ్ళ పెద్దదాన్ని. నాకు మా ఊరు గుర్తులేదు. మా పిల్ల ఆ సంగతి రాయడానికి ఒప్పుకుంటున్నాను."

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. పెద్దత్త ఫోను వదిన ఒళ్ళో పెట్టి, నా వైపు తిరిగి, ఆకలేస్తోంది అన్నం పెట్టమంది.